ఆ ఏడు కూడికకు పిలిచింది ఎవరు?

దయ్యాల కబుర్లు చెప్పేవాళ్లంటే నాకు మొదటినుంచీ విసుగు. బరంపురంలో మోటార్లకు వైండింగు చేసే కొట్టు నాది. నీళ్ల మోటారు దానంతటదే తిరుగుతోందనీ, ఎవరూ లేని గదిలో ఫ్యాను ఆడుతోందనీ భయపడుతూ నా దగ్గరకు వచ్చినవాళ్లు ఉన్నారు. విప్పి చూస్తే ఎక్కడో తీగ మీద పూత కాలి ఉంటుంది, లేదంటే ఎలుక కొరికి ఉంటుంది. ఆ కొరికిన ముక్క వాళ్ల చేతిలో పెట్టి, ఇదిగో మీ దయ్యం అని పంపేవాణ్ణి.

పైగా మేము క్రైస్తవులం. చనిపోయినవాళ్లు ప్రభువు దగ్గర విశ్రాంతిలో ఉంటారనీ, వీధుల వెంట తిరగరనీ చిన్నప్పటినుంచీ విన్నాను. అదే నమ్మాను, ఇప్పటికీ అదే నమ్ముతున్నాను. కాబట్టి దీన్ని దయ్యం కథ అని ఎవరైనా అంటే ఒప్పుకోను. మరి ఏం కథ అని మాత్రం నన్ను అడగొద్దు. జరిగింది జరిగినట్టు చెబుతాను.

నా భార్య పేరు కరుణ. అది బాప్తిస్మం అప్పుడు పెట్టిన పేరు. పుట్టింట్లో నూకాలు అనేవారు. రామయ్యపట్నంలో సముద్రం మీద వేటకెళ్లే ఇంటి పిల్ల. వాళ్లు హిందువులు. అక్కడ ఐసు ఫ్యాక్టరీలో మోటారు కాలిపోతే బాగు చేయడానికి వెళ్లి ఆమెను చూశాను. "మోటారు బాగుపడిపోనాది, మేస్త్రీ పాడైపోయేడు" అని పెళ్లయిన ఇన్నేళ్లలో కరుణ చర్చిలో చెప్పని మనిషి లేరు. మాకు పిల్లలు లేరు. ఇంట్లో సందడి అంతా ఆమెదే.

ఇక్కడ కూడికల సంగతి కొంచెం చెప్పాలి. క్రిస్మస్‌కు ముందు వారాల్లో మా చర్చి ఆడవాళ్లు ఒక్కో ఇంట్లో మధ్యాహ్నం పూట చేరి ప్రార్థన చేసుకుంటారు, పాటలు పాడుకుంటారు. దాన్నే కూడిక అంటాం. చివరి కూడిక ఎప్పుడూ మా ఇంట్లోనే. ఆదివారం చర్చిలో ప్రకటన చేస్తారు. ఫోనులో గ్రూపులో కూడా పెడతారు. కరుణకు అవేవీ పిలుపు కింద లెక్కకాదు. వాళ్ల ఊళ్లో పెళ్లికైనా, పురుడికైనా మనిషి గుమ్మం ముందుకు వచ్చి పిలిస్తేనే పిలిచినట్టు. అందుకని ఆ వారం మధ్యాహ్నం గిన్నెలు కడుక్కుని, ఎండకు చెంగు నెత్తిన వేసుకుని బయల్దేరేది.

పిలుపుకి వెళ్లిన మనిషి కూర్చోకూడదు, మంచినీళ్లు కూడా తాగకూడదు. అది ఆమె పట్టింపు. గేటు దగ్గరే నిలబడి, "బుధారం మద్దేనం మా ఇంటికాడ కూడిక, రావాల" అని, లోపలివాళ్లు సరే అనేలోపు పక్క ఇంటికి వెళ్లిపోయేది. ఎందుకా తిరుగుడు, ఫోను ఉందిగా అని నేను వేళాకోళం చేస్తే, "ఫోనులో అన్నం తినెయ్యి అంటే కడుపు నిండుతాదేటి? మనిషి రావాల" అనేది.

కిందటి ఏడు వానాకాలంలో కరుణ పోయింది. పొద్దున్న నాకు టీ ఇచ్చింది. ఖాళీ గ్లాసు తీసుకుని వంటింట్లోకి వెళ్తూ పడిపోయింది. ఆసుపత్రికి చేర్చేసరికే గుండె ఆగిపోయిందన్నారు. అంతే. దాని గురించి ఇంతకన్నా రాయలేను.

కబురు అంది వాళ్లమ్మ పోలమ్మత్త రామయ్యపట్నం నుంచి వచ్చింది. శవపెట్టె మా ముందుగదిలో ఉంది. వాళ్ల ఊళ్లో మనిషి పోతే ఆడవాళ్లు ఒకరి మెడ ఒకరు పట్టుకుని రాగం తీసి ఏడుస్తారు. పోయిన మనిషి చిన్ననాటి అల్లరి, తిన్న దెబ్బలు, పెట్టిన అన్నం, అన్నీ ఆ ఏడుపులోనే చెబుతారు. ఒకరు ఎత్తుకుంటే ఇంకొకరు అందుకుంటారు. అది అయితేగానీ మనిషిని సాగనంపినట్టు కాదు.

అత్త కూతురి మొహం చూసి ఒక్క గుక్క రాగం ఎత్తింది. మా చర్చి సంఘపెద్ద భార్య సుందరమ్మగారు వెంటనే ఆవిడ చెయ్యి పట్టుకుని, "అమ్మా, అలాగ ఏడవకూడదమ్మా. మీ అమ్మాయి ప్రభువు దగ్గరికెళ్లింది. పాట పాడుకుందాం" అంది. మంచి మనసుతోనే అంది. అందరూ పాట అందుకున్నారు. అత్త తెరిచిన నోరు తెరిచినట్టే కాసేపు ఉండి, తర్వాత మూసుకుంది. సమాధి దగ్గర కూడా ఏడవలేదు.

మర్నాడు పొద్దున్న నన్ను అడిగింది.

"బావూ, మీ దేవుడికి ఏడుపు గిట్టదేటి?"

"గిట్టదని ఎవరూ చెప్పలేదత్తా."

"మరెందుకాపీసినారు?"

ఖాళీ గ్లాసులు తీసుకుని పెరట్లోకి వెళ్లిపోయాను. ఆ ప్రశ్న చాలా నెలలు నా వెంటే ఉంది.

ఆవిడ కొడుకు కేరళలో పడవ మీద పనికి వెళ్లి ఉన్నాడు. ఊళ్లో ఇంటికి తాళం. "నీకు ఉడకేసి పెట్టీవోలు నేరు కదా, కొన్నాల్లుంటాను" అని నా దగ్గరే ఉండిపోయింది. మోకాళ్ల నొప్పులతో గోడ పట్టుకుని నడిచే మనిషి. గేటు దాటి వీధిలోకి ఎప్పుడూ వెళ్లలేదు. నేను కొట్టుకు వెళ్లేటప్పుడు పెరట్లో ఎక్కడ కూర్చుందో, వచ్చేటప్పటికి అక్కడే ఉండేది. కూతురి మాట ఎత్తేది కాదు. నేనూ ఎత్తేవాణ్ణి కాదు. ఒకే మనిషిని పోగొట్టుకున్న ఇద్దరం ఒకే ఇంట్లో, పప్పులో ఉప్పు సరిపోయిందా లేదా అని మాట్లాడుకుంటూ బతికాం.

దసరా వెళ్లేసరికి అత్తకు తిండి సన్నగిల్లిపోయింది. రెండు ముద్దలు తిని కంచం తోసేసేది. డాక్టరుకు చూపించాను. పరీక్షలన్నీ చేయించి, ఈవిడకు రోగమేమీ లేదన్నాడు. ఇంటికి వచ్చాక ఆవిడ రొమ్ము కింద చెయ్యి పెట్టి చూపించింది.

"ఇక్కడ అడ్డం పడిపోనాది బావూ. మింగలేను, కక్కలేను."

ఊరికి తీసుకెళ్తాను, మీ వాళ్లందరినీ కూర్చోబెట్టుకుని ఏడువు అన్నాను. తల అడ్డంగా ఊపింది. "ఆ ఏల దాటిపోనాది. ఇప్పుడెవులొచ్చి ఏడుత్తారు? ఒక్కదాన్నీ కూకోని ఏడిత్తే అది ఏడుపు కాదు, పిచ్చి."

నా సంగతీ బాగాలేదు. చర్చికి వెళ్లేవాణ్ణి గానీ వెనక బల్ల మీద కూర్చుని, ఆఖరి పాట ఎత్తుకోకముందే లేచి వచ్చేసేవాణ్ణి. ఎవరైనా ఓదారిస్తే ఒళ్లు మండేది. డిసెంబరు వచ్చింది. బజారులో కాగితం నక్షత్రాలు వేలాడదీశారు, బేకరీల్లో కేకులు పేర్చారు. చర్చిలో మైకు పెట్టి పిల్లలకు పాటలు నేర్పుతున్నారు. ఊరంతా ఆనందించమంటుంటే, ఆనందించడం రానివాడు మొహం ఎక్కడ దాచుకోవాలి? పండగ సందడి కనిపిస్తేనే పక్కవీధిలోకి తిరిగిపోయేవాణ్ణి. అది పాపమో కాదో కూడా నాకు తెలియలేదు.

ఈ ఏడు మా ఇంట్లో కూడిక వద్దని పాస్టరుగారికి ముందే చెప్పేశాను. ఆయన సరేనన్నారు. ప్రకటన కూడా చెయ్యలేదు. చివరి కూడిక ఇంకెవరూ పెట్టుకోలేదు, కరుణ మీద గౌరవంతో వదిలేశారు. మా ఇంటికి నక్షత్రం కట్టలేదు. ఒకరోజు వంటింట్లో అత్త, "ఏడు తిరక్కుండా పొయ్యి మీదికి మూకుడెక్కకూడదు బావూ, మా కాడ ఆనవాయితీ" అంది. చావు జరిగిన ఇంట్లో ఏడాదిదాకా నూనెలో వేయించే పిండివంటలు చెయ్యకూడదు. మా చర్చివాళ్లలో అలాంటి పట్టింపులు లేవు. అయినా సరే అన్నాను. అసలు మూకుడు పెట్టాలని ఎవరికి ఉంది? ఆ మాట ఆ వంటింట్లో మా ఇద్దరి మధ్యే అయింది. నేను బయట ఎవరితోనూ అనలేదు.

అప్పుడే ఇంకో మాట కూడా అంది. "మీ పండగెల్లిపోతే నానూ ఎల్లిపోతాను." మీ ఊరికేనా అత్తా అని అడిగాను. ఆవిడ బియ్యం చేట దగ్గరకు లాక్కుంది. ఆవిడ చేతి గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. నాకు భయం వేసింది. కరుణ తర్వాత ఈవిడ కూడా పోతే ఆ ఇంట్లో నేను ఒక్కపూట కూడా ఉండలేనని అప్పుడే తెలిసింది.

ఇక ఆ వారం సంగతి. సోమవారం నాకు కాస్త ఒళ్లు వెచ్చగా ఉండి మధ్యాహ్నం కొట్టు మూసి ఇంటికి వచ్చి పడుకున్నాను. చలికాలం ఎండ కిటికీలోంచి మంచం మీదికి వచ్చి పడుతోంది. సగం నిద్ర, సగం మెలకువ. వంటింట్లో గిన్నెలు బోర్లిస్తున్న చప్పుడు, తర్వాత చెప్పుల చప్పుడు, తర్వాత మా గేటు గడియ తీసి మళ్లీ వేసిన చప్పుడు విన్నాను. కరుణ పిలుపులకు బయల్దేరినట్టుంది అనుకున్నాను. అంత మామూలుగా అనుకున్నాను. అటు తిరిగి పడుకున్నాను. చాలాసేపటికి ఆ అనుకున్నదేమిటో తట్టి లేచి కూర్చున్నాను. పెరట్లో అత్త గోడకు ఆనుకుని కునుకుతోంది. గేటు వేసే ఉంది. జ్వరంలో ఏవేవో వినిపిస్తాయి. దీన్ని సాక్ష్యం కింద చెప్పడం లేదు, దాచకూడదని చెబుతున్నాను.

బుధవారం కరెంటు తీసేశారు. కొట్టులో పని ఆగిపోయి భోజనానికి వచ్చాను. తిని వరండాలో కూర్చున్నాను. గేటు తీసుకుని మా చర్చి సరోజిని టీచరు లోపలికి వచ్చింది. చేతిలో స్టీలు డబ్బా. "ఇంకా ఎవరూ రాలేదా?" అని చెప్పులు విప్పి లోపలికి వెళ్లి కూర్చుంది. ఆ వెనకే ఇంకో ఇద్దరు. ఆ వెనక చంకలో చాప చుట్టి పట్టుకుని పక్కవీధి మినతి. ఆమె ఒడియా మనిషి, మా చర్చి కూడా కాదు, కరుణ స్నేహం కొద్దీ ప్రతి ఏడూ వచ్చేది. చివరికి తలవంచుకుని సుందరమ్మగారు వచ్చింది. చూస్తుండగానే ముందుగది నిండిపోయింది.

అత్తే ఎలాగో కబురు పెట్టి పిలిపించి ఉంటుందని నేననుకున్నాను. నాకు చెప్పలేదేమని కొంచెం కోపం కూడా వచ్చింది. అయినా వచ్చినవాళ్ల ముందు ఏమంటాం? నేను వరండాలోనే గుమ్మం పక్కన నిలబడ్డాను. అత్త వంటింటి గడప దగ్గర గోడ పట్టుకుని నిలబడి వాళ్లను చూస్తోంది.

సరోజిని టీచరు ప్రార్థన చేసింది. ఒక పాట పాడారు. రెండో పాట కరుణ ఎత్తుకునేది. ఆ చోటుకి వచ్చేసరికి ఎవరూ ఎత్తుకోలేదు. ఎవరికి వాళ్లు ఇంకొకరు ఎత్తుకుంటారని చూస్తున్నారు. కరెంటు లేదు కాబట్టి ఫ్యాను చప్పుడు కూడా లేదు. కిటికీ ఎండలో దుమ్ము నెమ్మదిగా తేలుతోంది. నాకు ఆ గది నీళ్ల అడుగున ఉన్నట్టుగా అనిపించింది.

అత్త గోడ వదిలేసి వచ్చి వాళ్ల మధ్యలో కూర్చుంది. నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది.

"ఓ నా నూకాలమ్మో... కాల్లకి ఇసకంటుకోని ఇంట్లోకొచ్చీసీదానివి కదే నా తల్లీ... ఊడిసుకోలేక నిన్ను తిట్టీదాన్ని కదే... ఇప్పుడు ఇల్లంతా ఊడుసుకోని కూకున్నాను, ఒక్క ఇసక పలుకూ నేదు కదే నూకాలూ..."

ఎవరూ కదల్లేదు. నేను సుందరమ్మగారి వైపు చూశాను. మళ్లీ ఆపుతుందేమో అనుకున్నాను. ఆపితే ఈసారి నేనే అడ్డం పడదామని గుమ్మంలోకి ఒక అడుగు వేశాను.

"మగోల్నందర్నీ సముద్రం మీదికి అంపినాను... అందరూ తిరిగొచ్చినారు కదే... గట్టు మీదున్నదానివి నువ్వెక్కడికెల్లిపోనావే నా యమ్మా..."

సుందరమ్మగారు మోకాళ్ల మీద జరుగుతూ వచ్చి అత్త మెడ చుట్టూ చెయ్యి వేసింది. "ఏడువు తల్లీ, ఏడువు" అంది. ఆ తర్వాత, చర్చిలో అంత నెమ్మదిగా మాట్లాడే ఆ మనిషి, గొంతెత్తి అదే రాగంలో అందుకుంది. "ఓ నా కరుణమ్మో, పిలవడానికొస్తే గుక్కెడు నీళ్లయినా తాగీదానివి కాదు కదే..." అని. ఆవిడ పుట్టిల్లు ఆర్యపల్లి అనీ, వాళ్లదీ వేట ఇల్లేననీ నాకు అప్పటిదాకా తెలియదు. ఎన్నేళ్లుగా మింగి ఉంచిందో ఆ రాగం.

ఆ గదిలో ఏడవని మనిషి లేరు. నేను గుమ్మం పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాను. అన్నాళ్లూ నాకు ప్రార్థన చేయడం రావడంలేదు అనుకున్నాను. ఆరోజు నేను నోటితో ఒక్క మాటా అనలేదు గానీ, దేవుడితో మాట్లాడానని నాకు గట్టిగా అనిపించింది. ఆయనకు ఏడుపు గిట్టదన్నది అబద్ధం అత్తా, అని చెప్పాలనిపించింది.

ఏడుపు దానంతటదే తగ్గింది. ముక్కులు తుడుచుకున్నారు. ఆగిపోయిన రెండో పాటను సుందరమ్మగారు ఎత్తుకుంది. అత్తకు ఆ పాట మాటలు రావు, చప్పట్లు కొట్టింది.

తర్వాత డబ్బాల మూతలు తీశారు. ఒకరు అరిసెలు తెచ్చారు, ఒకరు జంతికలు, ఒకరు గవ్వలు, ఒకరు కజ్జికాయలు. మినతి కాకరా పిఠాలు తెచ్చింది, మన బూరెల్లాంటివే. ఎవరు తెచ్చింది ఇంకొకరు తేలేదు. ప్రతి ఏడూ కూడికకు ఎవరూ ఏమీ తెచ్చేవారు కాదు. కరుణే అన్నీ చేసేది.

"ఇవన్నీ ఎందుకు తెచ్చారండీ?" అన్నాను.

"తెమ్మన్నారు కదా!" అంది సరోజిని టీచరు. "మీ ఇంట్లో ఏడాదిదాకా మూకుడు పెట్టరట కదా. నన్ను జంతికలు తెమ్మన్నారు."

అత్తే చెప్పి ఉంటుంది, ఇంకెవరికి తెలుసు అనుకున్నాను. ఆవిడ వైపు చూస్తే ఆవిడ నన్నే చూస్తోంది, మెచ్చుకుంటున్నట్టు.

అందరూ వెళ్లాక అత్తతో కలిసి టీ గ్లాసులు కడుగుతూ అన్నాను. "మంచి పని చేశావత్తా."

"నానేటి సేసినాను?"

"అందరినీ పిలిచావు కదా."

అత్త నా వైపు తిరిగింది. "నానా? నాకీ ఈదులు తెలుసేటి? ఎవులిల్లెక్కడో తెలుసేటి? నువ్వు కదా బావూ పిలిపించినావు!"

నేను కాదన్నాను. నమ్మలేదు. ఒట్టు పెట్టాను. ఇద్దరం తడిచేతులతో అలాగే నిలబడిపోయాం. కాసేపటికి అత్త గడప మీద కూర్చుని, "అన్నముందా?" అని అడిగింది. కంచం నిండా పెట్టాను. కంచం ఖాళీ చేసి మళ్లీ పెట్టించుకుంది.

ఆ తర్వాత పండగ వెళ్లేదాకా నేను చేసిన పని ఒక్కటే. మోటారు విప్పినట్టు ఆ సంగతిని విప్పి చూశాను. ఒక్కొక్కరినీ అడిగాను. ఫోను గ్రూపులో చూశాను, అందులో ఏమీ లేదు. పాస్టరుగారు ఎవరికీ చెప్పలేదన్నారు. మరి పిలిచింది ఎవరు?

సరోజిని టీచరు సోమవారం సెలవు పెట్టి ఇంట్లో ఉంది. తలంటుకుని పెరట్లో జుట్టు ఆరబెట్టుకుంటోంది. గేటు దగ్గర నుంచి పిలిచారు. పిలిచింది ఎవరు? "ఆడమనిషే. మీ అత్తగారేమో అనుకున్నాను. జుట్టు మొహం మీద ఉంది, సరిగ్గా చూడలేదు. లోపలికి రండి అనేలోపు వెళ్లిపోయారు." ఇంకొకావిడ పిండి కలుపుతోంది, గొంతు మాత్రం విన్నది. ఇంకొకావిడ చెంగు నెత్తిన వేసుకున్న మనిషిని చూసింది గానీ ఎండ ఎదురుగా ఉందంది. మినతి ఇంట్లో అయితే ఒడియాలోనే చెప్పారట. ఎవరు చెప్పారని అడిగితే ఆమె చాలాసేపు ఆలోచించింది. "చెప్పడం గుర్తుంది భాయినా. ఎవరో తెలిసిన మనిషే, నేను సరే అక్కా అన్నాను కూడా. మొహమే గుర్తుకు రావడం లేదు" అంది. అందరిదీ అదే మాట. పిలుపు గుర్తుంది, పిలిచిన మనిషి గుర్తులేదు.

నాకు గట్టి అనుమానం సుందరమ్మగారి మీదే. కరుణ పోయినప్పుడు అత్త ఏడుపు ఆపినందుకు బాధపడి ఆవిడే ఇదంతా ఏర్పాటు చేసి ఉంటుందనుకున్నాను. వెళ్లి అడిగితే ఆవిడ మొహం తెల్లబోయింది.

"నన్నూ పిలిచారు బాబూ. మీ అత్తగారే పిలిచారనుకున్నాను. ఆవిడకు నా మీద కోపం లేదు కాబోలు అనుకుంటూనే ఎంత భయపడుతూ వచ్చానో నాకు తెలుసు. పిలవకపోతే ఆ గుమ్మం తొక్కేదాన్ని కాదు."

ఆడవాళ్లందరూ కూడబలుక్కుని చేశారేమో అని కూడా ఆలోచించాను. అదే అయి ఉండాలి అని ఎన్నోసార్లు నాకు నేను చెప్పుకున్నాను. కానీ మా చర్చివాళ్ల సంగతి నాకు తెలుసు. ఒక మంచి పని చేస్తే సాయంత్రానికల్లా ఊరంతా తెలియాలి. ఇంత మంచి పని చేసి ఇంతమంది ఇన్నాళ్లు నోరు మూసుకుంటే, అది ఇంకా పెద్ద అద్భుతం. పైగా మూకుడు మాట వాళ్లకెలా తెలిసింది?

పాస్టరుగారికి అంతా చెప్పాను. చనిపోయినవాళ్లు తిరిగి రారు, అందులో సందేహం పెట్టుకోవద్దన్నారు. పెట్టుకోనన్నాను. మరి పిలిచింది ఎవరండీ అన్నాను. "దుఃఖపడేవాళ్ల దగ్గరకు మనుషుల్ని పంపడానికి దేవుడికి దారులు లేవా?" అన్నారు. ఉండొచ్చు. దేవుడు పంపితే పంపాడు గానీ, జంతికలు ఒకరికీ అరిసెలు ఒకరికీ విడివిడిగా ఆయన పురమాయించాడా అని అడగబోయి ఊరుకున్నాను.

పండగ వెళ్లిపోయింది. అత్త వెళ్లలేదు. వెళ్తానన్న మాట మళ్లీ ఎత్తలేదు. ఇప్పుడు కూతురి గురించి రోజంతా మాట్లాడుతుంది. కరుణ చిన్నప్పుడు ఎండబెట్టిన చేపలు దొంగిలించి పిల్లులకు పెట్టిన కథ నాకు కంఠతా వచ్చేసింది.

ఈ డిసెంబరుకి ఏడాది దాటింది. కూడిక మా ఇంట్లోనే అని చర్చిలో ప్రకటన చేశారు. "పిలుపులకెవులెల్తారు?" అంది అత్త. ఆవిడ మోకాళ్లు ఆ పని చెయ్యనివ్వవు. ఆడవాళ్ల కూడికకు మగవాడు పిలుపులకు వెళ్లడం మా వీధిలో ఎవరూ చూసి ఉండరు. అయినా సోమవారం మధ్యాహ్నం కొట్టు మూసి నేనే బయల్దేరాను.

సరోజిని టీచరు నవ్వింది. "ప్రకటన విన్నాం కదండీ, మళ్లీ ఇదెందుకు?" మనిషి రావాలి కదండీ అన్నాను. ఆవిడ నవ్వు ఆపేసింది. సుందరమ్మగారు కూర్చోమంది, కూర్చోలేదు. మినతి మంచినీళ్లు తెచ్చింది, తాగలేదు.

నిజం చెప్పాలంటే ప్రతి గేటు దగ్గరా అవసరమైన దానికన్నా కాసేపు ఎక్కువే నిలబడ్డాను. ఎవరో ఒకరు, "ఇందాకే వచ్చి చెప్పి వెళ్లారు కదా" అంటారేమోనని. ఎవరూ అనలేదు. ఆఖరి ఇల్లు కూడా అయిపోయాక, నా భార్య నాకు రెండోసారి పోయినట్టు అనిపించింది. కిందటి ఏడు ఆ గేట్ల ముందు నిలబడింది ఎవరో నాకు తెలియదు. నాకు తెలిసిన బోల్టులన్నీ విప్పి చూశాను. ఎక్కడా ఎలుక కొరికిన ముక్క దొరకలేదు.

ఇంటికి వచ్చేసరికి అత్త గోడ పట్టుకుని గేటు దాకా వచ్చి నిలబడి ఉంది.

"అందరికీ సెప్పినావా?"

"చెప్పానత్తా."

గేటు గడియ తీసింది. తర్వాత నా మొహం చూడకుండా అడిగింది. "ఎవులైనా... ముందే ఎవులో వొచ్చి సెప్పీసినారు అన్నారేటి?"

ఆశపడింది నేనొక్కణ్ణే అనుకున్నాను. "లేదత్తా. ఎవరూ అనలేదు."

ఆవిడ తల ఊపింది. చెంగుతో కళ్లు తుడుచుకుంది. "ఇంకెందుకొత్తాది బావూ? మనం పిలుత్తన్నాం కదా" అంది. మూకుడు కడగాలంటూ గోడ పట్టుకుని లోపలికి వెళ్లింది. నేను ఇంకాసేపు గేటు దగ్గరే నిలబడి ఉన్నాను.